బంతికి ఎనిమిది పౌండ్లు, లారీకి నూరు



పోయిన నెల కుక్కరు సీటీ గురించి రాసిన. ఇద్దరు ముగ్గురు ఆడబిడ్డలు దారిలో ఆపి, "మామా, మీరు రాసింది చదివినంక సీటీ తీసి చూస్తే నిండా పప్పు పేరుకొని ఉన్నది" అన్నరు. సంతోషమైంది. ఈ నెల మిక్సీ వైరు గురించి రాస్తనని చెప్పి ఉంటి. అది పక్కకు పెట్టిన. ఈ నెల పోరగాండ్లు ఆడే బాస్కెట్‌బాల్ గురించి, దాంట్లో కొట్టే గాలి గురించి రాయాలె. ఈయనకు ఈ వయసులో బంతి ఆటలేంది అని నవ్వకండి. ఎందుకు రాస్తున్ననో చదివితే మీకే తెలుస్తది.

మా షోలాపూర్‌లో మా చాళి వెనక చిన్న ఖాళీ జాగ ఉన్నది. మా నాయన కాలంలో అక్కడ పొద్దున్నే పడుగులు చాపి గంజి పట్టించేవాళ్లు. ఇప్పుడు ఆ పని లేదు. ఒక ఇనుప స్తంభం పాతి, దానికి రింగు బిగించిండ్రు. జాలీ ఎప్పుడో చినిగిపోయింది, రింగు మాత్రం గట్టిగ ఉన్నది. సాయంత్రం అయితే పదేండ్ల పిల్లల నుంచి కాలేజీ పోరగాండ్ల దాకా అక్కడే. తలా ఇన్ని పైసలు వేసుకొని బంతి కొనుక్కున్నరు. సెల్‌ఫోన్ పట్టుకొని మూల కూర్చునే బదులు ఇది మేలే కదా అని మేము ముసలోళ్లం గోడ కాడ కూర్చొని చూస్తం.

మే నెలలో ఒకనాడు మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద ఒరిగిన. నలుగురు పోరగాండ్లు తలుపు కాడికి వచ్చి, "తాతా, బాల్‌లో గాలి పోయింది, పంపు ఉన్నదా?" అని అడిగిండ్రు. నా దగ్గర సైకిల్ పంపు ఉన్నది. అటక మీద ఉన్నది. స్టూలెక్కి తియ్యాలె. మోకాలు నొప్పి, మీద ఎండ, కండ్ల మీద నిద్ర. "పొండ్రి, రోడ్డు మీద టైర్ల దుకాణంలో కొట్టించుకోండ్రి" అని పది రూపాయల నోటు చేతిలో పెట్టి పంపిన.

ఇక్కడ ఒక మాట చెప్పాలె. మిల్లులో నేను పందొమ్మిదేండ్లు కంప్రెసర్ రూములో పనిచేసిన. మొదలు హెల్పర్‌గ, తరువాత ఆపరేటర్‌గ. గాలి అంటే ఏందో, బిగించి పెట్టిన గాలి విడిస్తే ఎట్ల కొడుతదో, ఈ చాళిలో నాకు తెలిసినంత ఇంకొకరికి తెల్వదు. "టైర్ల దుకాణంలో కొట్టించుకోండ్రి" అన్నది ఆ మనిషే.

దుకాణం ఆసామి భోజనానికి పోయిండట. పని నేర్చుకునే పిల్లగాడు ఒక్కడే ఉన్నడు. వాడికి పదిహేనేండ్లు కూడ ఉండవు. లారీ టైరు పని నడుస్తున్నది, కంప్రెసర్ ట్యాంకు నిండుగ ఉన్నది. మావోళ్లు సూది ఇచ్చిండ్రు, వాడు పైపు మూతికి దాన్ని బిగించి బంతిలో పెట్టి మీట నొక్కిండు. మా ఎదురింటి చెల్లె కొడుకు, పన్నెండేండ్లోడు, బంతిని మోకాళ్ల నడుమ పెట్టుకొని, సూది సరిగ్గ దిగిందా లేదా అని వంగి చూస్తున్నడు. మిగిలినోళ్లు "ఇంకా కొట్టు, ఇంకా కొట్టు" అన్నరట. పది లెక్కపెట్టేలోపల బంతి పగిలింది.

ఆ చప్పుడు చాళిలో నాకు వినిపించింది. లారీ టైరు పగిలిందనుకొని అటు తిరిగి పండుకున్న.

రబ్బరు పెల్ల పిల్లగాడి ఎడమ కనుబొమ్మ మీద కొట్టింది. నాలుగు కుట్లు పడ్డయి. ఇంకో బొటనవేలంత కిందికి తాకి ఉంటే కన్ను పోయేది అని డాక్టరు చెప్పిండు. చెవిలో పది దినాలు గుయ్యిమని మోత. తల్లి బీడీలు చేస్తది, ఆ ఎనిమిది దినాలు కట్ట కట్టలేదు. నేను దవాఖాన ఖర్చు ఇస్తనంటే తీసుకోలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు.

ఇగ అసలు ముచ్చట. ఆ దుకాణం పిల్లగాడి తప్పు అని నేను అనను. వాడికి ఎవ్వరూ చెప్పలేదు. తెలిసినోణ్ని నేను చెప్పలేదు. కాబట్టి ఇప్పుడు చెప్త.

గాలిని కొలిచేది పౌండ్లలో. ఒక అంగుళం పొడుగు, ఒక అంగుళం వెడల్పు ఉన్న జాగ మీద గాలి ఎన్ని పౌండ్ల బరువుతో నెడుతుందో అది లెక్క. లారీ టైరుకు నూరు పౌండ్లు, అంతకంటే ఎక్కువ కూడ కొడతరు. కారుకు ముప్పై, ముప్పై అయిదు. మనం తొక్కే సైకిలుకు నలభై, యాభై. బాస్కెట్‌బాల్‌కు కావలసింది ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర. అంతే. చాలా బంతుల మీద గాలి కొట్టే రంధ్రం పక్కనే ఏడు నుంచి తొమ్మిది అని అచ్చు వేసి ఉంటది. ఇంగ్లీషులో చిన్నగ ఉంటది, పిల్లలను చదవమనండి. మీ బంతి మీద వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలె. వాలీబాల్‌కు ఇంకా తక్కువ, నాలుగున్నర దగ్గర. ఫుట్‌బాల్‌కు ఎనిమిదిన్నర నుంచి పైకి పదిహేను దాకా ఉండొచ్చు. బంతి బంతికి వేరే. అన్నీ గుండ్రమే కదా అని ఒకటే లెక్కన కొట్టొద్దు.

టైర్ల దుకాణం ట్యాంకులో గాలి నూట ఇరవై, నూట యాభై పౌండ్ల మీద ఉంటది. కావలసింది ఎనిమిది. నేను పోరగాండ్లకు ఇట్ల చెప్పిన: ఇంట్ల ఒక చెంబెడు నీళ్లు కావాలె, దానికి కార్పొరేషన్ నీళ్ల ట్యాంకు మెయిన్ వాల్వ్ తెరుస్తమా?

"గేజీ ఉంటది కదా తాతా, చూసి ఆపితే సరిపాయె" అన్నడు ఒకడు. మంచి మాటే అడిగిండు. కాని ఆ గేజీ లారీల కోసం చేసింది. అంకెలు పది, ఇరవై, ముప్పై అని పోతయి, రెండు వందల దాకా. ఎనిమిది అనేది మొదటి గీత కంటే కిందనే ఉంటది, ముల్లు అక్కడ కదిలినట్టే కనపడదు. ఇంకొకటి. గాలి పారుతున్నప్పుడు పైపు మీది గేజీ చూపేది పైపులో ఉన్న వత్తిడి, బంతిలో ఉన్నది కాదు. మీట వదిలి, పారుడు ఆగినంకనే అసలు లెక్క తెలుస్తది. మా కంప్రెసర్ రూములో కొత్త పిల్లలకు ఈ ముచ్చట ఎక్కించడానికి నెల పట్టేది. లారీ టైరు పెద్దది, నిండడానికి నిమిషాలు పడుతది, చెయ్యి తీసే టైము ఉంటది. బంతి పొట్టలో పట్టేది ఏడు లీటర్ల జాగ. క్షణాలలో నిండుతది. ఆలోచించేలోపల దాటిపోతది.

మీలో చానా మందికి తెలియని ముచ్చట ఒకటి చెప్త. బంతి లోపల ఉన్నది మన సరుకే. పగిలిన బంతిని నేను ఇంటికి తెచ్చి కత్తితో కోసి చూసిన. అన్నిటికంటే లోపల రబ్బరు తిత్తి, మోటారు టైరు ట్యూబు లాంటిదే. దాని మీద నూలు! నైలాన్ దారం, ఒక దిక్కు కాదు, అడ్డం, నిలువు, ఏటవాలు, అన్ని దిక్కుల చుట్టి చుట్టి, కండె చుట్టినట్టు చుట్టిండ్రు. దాని మీద ఇంకో రబ్బరు పొర, దాని మీద పైన కనిపించే ఎనిమిది పట్టీలు. బంతి గుండ్రంగ నిలబడేది ఆ దారం బలం మీదనే. రబ్బరు తిత్తి ఒక్కటే అయితే గాలి కొట్టిన కొద్ది బుగ్గలాగ ఉబ్బుకుంట పోతది. దారం "ఇగ చాలు" అని పట్టి ఆపుతది. మన దేశంలో ఇట్లాంటి ఆట సామాను ఎక్కువ మీరట్‌లో, జలంధర్‌లో తయారైతది. ఆ దారం చుట్టే మిషను నేను చూడలేదు, చూడాలని మాత్రం బాగ ఉన్నది. చేతిలో పట్టుకొని వేళ్లతో లాగి చూసిన, దారం మంచిదే. సరుకు తప్పు ఏమీ లేదు.

ఆ దారం మీద ఎంత బరువు పడుతదో మా మనుమరాలు లెక్క చేసింది. తొమ్మిదో తరగతి. నా చదువు నాలుగో తరగతితోనే ఆగింది, కాని లెక్క చేస్తుంటే పక్కన కూర్చొని చూసిన. పెద్దోళ్ల బంతి అడ్డకొలత ఇరవై నాలుగు సెంటీమీటర్లు. దాన్ని నిమ్మకాయ లెక్క నడుమకు కోస్తే వచ్చే బిళ్ల నాలుగు వందల యాభై చదరపు సెంటీమీటర్లు. ఎనిమిది పౌండ్లంటే ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద అరకిలో మీద అరవై గ్రాములు. గుణిస్తే రెండు వందల యాభై కిలోలు వచ్చింది. అంటే మామూలుగ ఆడే బంతిలోనే, రెండు చెక్కలను విడదీయాలని గాలి రెండున్నర క్వింటాళ్ల బలంతో నెడుతున్నది. మిల్లోళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే, పత్తి బేలు ఒకటి 170 కిలోలు, అట్లాంటివి ఒకటిన్నర. దారం దాన్ని హాయిగ మోస్తది, దానికే చేసిండ్రు. అదే నూరు పౌండ్లయితే? మూడు టన్నులు దాటింది. పద్దెనిమిది బేళ్లు. అంతదాకా బంతి ఆగదు, ఎప్పుడో ముందే పగులుతది. పగిలేటప్పుడు దాని మీద ఎవరు వంగి ఉన్నరు అన్నదే ముచ్చట.

గాలి నీళ్ల తీరు కాదు. మిల్లులో కంప్రెసర్ ట్యాంకును బలం చూడడానికి లోపల నీళ్లు నింపి వత్తిడి పెట్టేవాళ్లు, గాలితో కాదు. ఎందుకంటే నీళ్లు నలగవు. ఎక్కడన్న చీలితే నీళ్లు చిమ్మి, వత్తిడి అక్కడికక్కడే పడిపోతది. గాలి నలుగుతది, ముడుచుకొని కూర్చుంటది, దారి దొరికితే అంతా ఒక్కసారే బయటికి వస్తది. కార్ఖానాల చట్టం అని 1948ది ఉండేది కదా, దాంట్లో 31వ సెక్షను ఈ వత్తిడి మిషన్ల గురించే ఉండేది. ఎంత వత్తిడి భద్రమో అది దాటకుండ యజమాని ఏర్పాటు చెయ్యాలె అని. యూనియన్ క్లాసులో మాకు చదివి చెప్పిండ్రు. మా ట్యాంకు మీద సేఫ్టీ వాల్వు ఉండేది, దాటితే బుస్సుమని గాలి విడిచేది. కుక్కరు మూతకు ఉండే సేఫ్టీ బిళ్ల తీరు, పోయిన నెల చెప్పిన కదా. బంతికి సేఫ్టీ వాల్వు లేదు.

ఇది రాస్తుంటే ఇంకొకటి మతికి వస్తున్నది. ఈ పత్రికలో రాయాలా వద్దా అని రెండు దినాలు ఆలోచించిన. రాస్త. పాళీ అయిపోయి భోంగా మోగంగనే అందరికీ ఇంటికి పోవాలనే తొందర. ఒంటి నిండ దూది నుసి, జుట్టులో, కనుబొమ్మల మీద, చెవులలో. మిషన్లు సాఫ్ చేసే గాలి పైపు తీసుకొని ఒకరి ఒంటి మీద ఒకరు కొట్టుకునేవాళ్లం. నేను కూడ కొట్టుకున్న. ఎవ్వరూ వద్దనలేదు, జాబర్ కూడ కొట్టుకునేవాడు. ఒకని కంట్లో ఇనుప రజను దూరింది. ఇంకొకని చెవి పొర పోయింది, ఇప్పటికీ ఆ దిక్కు నుంచి పిలిస్తే పలుకడు. అది కాదు నేను చెప్పాలనుకున్నది. రాత్రి పాళీలో ఒకసారి నవ్వులాటకు ఒక కొత్త పిల్లగానికి పైపు వెనక పెట్టి మీట నొక్కిండ్రు. ఎక్కడ పెట్టిండ్రో రాయను, పెద్దోళ్లకు తెలుస్తది. బట్టల మీది నుంచే పెట్టిండ్రు. ఒక్క క్షణం. లోపల పేగు చినిగింది. ఆపరేషన్లు రెండు అయినయి. ప్రాణం దక్కింది కాని మళ్ల మిల్లుకు రాలేదు, ఊరికి తీసుకపోయిండ్రు. పెట్టినోళ్లు చెడ్డోళ్లు కాదు. వాని తోటి ఒకే డబ్బాలో అన్నం తినేటోళ్లే. గాలే కదా, ఏమైతది అనుకున్నరు. ఆనాడు కంప్రెసర్ మీద డ్యూటీ నాది కాదు. అయినా ఆ పైపుల గాలి నేను నింపినదే.

ఇప్పుడు మన పిల్లలు పవర్‌లూమ్‌లో, టవల్ కార్ఖానాలలో, గ్యారేజీలలో పనిచేస్తున్నరు. అన్నిట్లో గాలి పైపు ఉన్నది. బట్టలు దులుపుకోవడానికి చీపురు, బ్రష్షు వాడమనండి. ఒంటికి గాలి పైపు వద్దే వద్దు. తోలు మీద చిన్న గాయం ఉన్నా గాలి దాంట్లోంచి లోపలికి దూరుతది.

సరే, బంతి కాడికి వద్దాం. అటక మీది పంపు దించిన. దాంతో పాటు చేతి పంపు చిన్నది ఒకటి, సూదులు నాలుగు కొన్న. ఎట్ల కొట్టాలో పోరగాండ్లకు చూపిన తీరే మీకూ రాస్త.

సూదిని ముందు తడపాలె. నీళ్లు చాలు, గ్లిజరిన్ చుక్క ఉంటే ఇంకా మంచిది. మిషన్ ఆయిల్, గ్రీజు వద్దు, అది రబ్బరును తింటది. ఎండు సూదిని బలంగ తోస్తే రంధ్రంలో ఉండే రబ్బరు బిళ్ల చినుగుతది, లేకుంటే బిళ్ల ఊడి లోపల పడుతది. ఇగ ఆ బంతిలో గాలి నిలవదు. నిటారుగ పట్టి, కొద్ది కొద్దిగ తిప్పుకుంట దించాలె. వంకర పెడితే సూది పోయి తిత్తికి గుచ్చుకుంటది. మంచి బంతులు ఎన్నో ఇట్లనే పోతయి, "బంతి నాసిరకం" అని దుకాణమోణ్ని తిడతరు. ఈ పనిలో తొందరపడేటోనికి సూది ఇయ్యొద్దు. బట్టల మిషన్ కుట్టే ఇంట్లో పిల్లలకు ఈ చెయ్యి బాగ వస్తది, నేను చూసిన.

బంతిని నేల మీద పెట్టి, పంపు పక్కన పెట్టి కొట్టాలె. ఒళ్లో కాదు, మోకాళ్ల నడుమ కాదు, మొఖం దాని మీద పెట్టి అసలే కాదు. నాలుగైదు సార్లు కొట్టి, ఆగి, నొక్కి చూడాలె. చేతి పంపులో గొప్ప గుణం ఒకటి ఉన్నది. బంతి నిండిన కొద్ది మన చెయ్యికే తెలుస్తది, పిడి బరువైతది, ఆయాసం వస్తది. కంప్రెసరుకు ఆయాసం రాదు. అందుకే అది మోసం చేస్తది.

ఇగ ఎనిమిది అయిందా లేదా ఎట్ల తెలవాలె? ఆట సామాను దుకాణంలో బంతుల గేజీ దొరుకుతది, పదిహేను ఇరవై పౌండ్ల దాకనే అంకెలు ఉండేది. ఉంటే మంచిదే. లేకుంటే అంతర్జాతీయ సంఘమోళ్ల పాత నియమాలలోనే గేజీ లేని ఉపాయం ఒకటి ఉండేది. బంతి అడుగు భాగం నేల నుంచి 1,800 మిల్లీమీటర్ల ఎత్తున, అంటే దగ్గర దగ్గర ఆరడుగుల ఎత్తున ఉండేటట్టు పట్టుకొని, తొయ్యకుండ, ఊరికే వదలాలె. ఎగిరినప్పుడు బంతి నెత్తి 1,200 నుంచి 1,400 మిల్లీమీటర్ల నడుమకు రావాలె. అడుగులలో చెప్తే నాలుగడుగుల నుంచి నాలుగున్నర. నాలుగు దాకా రాకుంటే గాలి తక్కువ, నాలుగున్నర మీదికి పోతే ఎక్కువ. సిమెంటు మీద వదలాలె, మట్టి మీద కాదు, మట్టి సగం బలం తింటది.

మా చాళి గోడ మీద జాజుతో మూడు గీతలు గీసిన. ఆరడుగుల కాడ ఒకటి, నాలుగున్నర కాడ ఒకటి, నాలుగు కాడ ఒకటి. మిస్త్రీ దగ్గర టేపు అడుక్కొచ్చి కొలిచిన. పన్నెండేండ్ల పిల్లలకు ఆరడుగులు అందదు కాబట్టి కింద రెండు ఇటుకలు పెట్టిన. ఇప్పుడు పోరగాండ్లు ఆటకు ముందు ఒకసారి వదిలి చూస్తరు. గీతల నడుమకు రాకుంటే లొల్లి లొల్లి చేస్తరు, నీ కన్ను వంకర అంటే నీ కన్ను వంకర అని.

గాలి తక్కువుంటే ఏమైతది అని కొందరు అనుకుంటరు, మెత్తగ ఉంటే దెబ్బ తగలదు కదా అని. బంతి నేలకు కొడితే లేవదు, పిల్లలు మణికట్టు విరిగేటట్టు బలంగ కొడతరు. పట్టీలు మడత పడి అక్కడ చీలుతయి. ఎక్కువుంటే రాయి తీరు అయితది, పట్టుకునేటప్పుడు వేళ్ల కొసలకు తగిలి బెణుకుతయి. బంతి మీద ఎక్కడన్న కురుపు లేచినట్టు ఉబ్బెత్తు కనిపించినా, గుండ్రం పోయి గుమ్మడికాయ లెక్క అయినా దాని లోపల దారం తెగిందని అర్థం. దానికి ఇగ గాలి కొట్టొద్దు. ఉన్న గాలి కూడ ఒట్టి సూది గుచ్చి తీసెయ్యాలె. పైసలు పెట్టి కొన్నం కదా అని పాణం మీదికి తెచ్చుకోవద్దు.

మన షోలాపూర్ ఎండ సంగతి మీకు నేను చెప్పాల్నా. మే నెలలో నలభై రెండు, నలభై మూడు డిగ్రీలు. రేకుల మీద, మోటారుబండి డిక్కీలో బంతి పడేస్తే అది అరవై డిగ్రీల దాకా కాలుతది. వేడికి గాలి ఉబ్బుతది. పొద్దున చల్లగ ఉన్నప్పుడు ఎనిమిది పౌండ్లు కొట్టిన బంతి అట్ల కాలినప్పుడు పదిన్నర దాకా పోతది. ఇది కూడ మనుమరాలు చేసిన లెక్కే. సంక్రాంతి చలికి ఉల్టా అయితది. మధ్యాహ్నం ఎండలో ఎనిమిది కొట్టింది తెల్లారి చలిలో ఆరు పైచిలుకే ఉంటది. "రాత్రి ఎవడో గాలి తీసిండు" అని పిల్లలు కొట్లాడుకుంటరు. ఎవ్వరూ తీయలేదు. నీడలో పెట్టండి, ఆడే వేళకు చూసుకోండి.

ఎప్పుడన్న తప్పదు, కంప్రెసరే దిక్కు అనుకుంటే, పెద్దమనిషి ఆసామి ఉన్నప్పుడే పోవాలె. రెగ్యులేటరు ఉంటే బాగ తగ్గించమని అడగాలె. బంతి నేల మీద, పిల్లలు పది అడుగులు దూరం. మీట ఒక్క చిటిక నొక్కి వదలాలె, నొక్కి చూడాలె, మళ్ల ఒక్క చిటిక. నాకు అడిగితే అసలు పోవద్దనే చెప్త. ఆ దుకాణం ఆసామికి కూడ చెప్పొచ్చిన. మంచిగనే విన్నడు. పని నేర్చుకునే పిల్లగాడు ఆ దినం నుంచి బంతి తెచ్చినోళ్లను చూస్తేనే వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నడట. వాడూ భయపడ్డడు పాపం, వాణ్ని ఎవ్వరూ పలకరించలేదు.

ఎదురింటి పిల్లగాని కుట్లు విప్పిండ్రు. మచ్చ ఉన్నది, వెంట్రుకలు వస్తే కనపడదు అంటున్నరు. మొదటి పదిహేను దినాలు మైదానం దిక్కు రాలేదు. చెత్త బండి హారన్ కొట్టినా ఉలిక్కిపడేవాడు. మొన్న ఆదివారం వచ్చి గోడ కాడ నా పక్కన కూర్చున్నడు. నేను ఏమనలేదు. మావోళ్లు కొత్త బంతికి గాలి కొడుతుంటే దూరం నుంచి చూసి, "తాతా, వాడు సూది తడపలేదు" అన్నడు. "పోయి చెప్పు" అన్న. లేచి పోయిండు. చెప్పి, రెండు అడుగులు వెనకకు జరిగి నిలబడ్డడు. ఆడలేదు. గీత కాడ బంతి ఎంత ఎగిరిందో మాత్రం వాడే చూసి చెప్పిండు.

పంపు ఇప్పుడు అటక మీద లేదు. మా తలుపు పక్కన మేకుకు వేలాడుతున్నది. ఏ చాళి పిల్లలైనా అడగకుండ తీసుకపోవచ్చు, పొద్దుగూకేలోపల తెచ్చి అక్కడే తగిలియ్యాలె. సూదులు నాలుగు కొన్న, రెండు అప్పుడే పోగొట్టిండ్రు. తీసుకపోయినోళ్లు ఈ ముక్క చదివితే తెచ్చియ్యండి. వచ్చే నెల మిక్సీ వైరు గురించి తప్పకుండ రాస్త.